స్పెషల్ టీముల మధ్య కోఆర్డినేషన్: పదేపదే అడిగే డౌట్లు

బాంబ్ స్క్వాడ్, సైబర్, నార్కోటిక్స్, క్లూస్ టీమ్, ఇంటెలిజెన్స్, కమాండో యూనిట్... దేనికదే చూస్తే ప్రతి టీమూ దాని పని బ్రహ్మాండంగా చేస్తుంది, అన్నిటినీ కలిపి ఒక కేసులో పెట్టండి, ఎవరికి వారే యమునా తీరే. జాయింట్ ఆపరేషన్ల మాట ఎక్కడ వచ్చినా ఇవే ప్రశ్నలు వస్తున్నాయి, ప్రతిసారీ మొదట్నించి చెప్పలేక ఇలా ఒకచోట రాసి పెట్టేశా. ఏ జవాబుకి ఆ జవాబే, మీకు కావాల్సింది చదువుకుని వెళ్ళిపోవచ్చు.

## ఇంకా మొదలుపెట్టక ముందు

అందరం ఒకే గవర్నమెంట్ మనుషులమే కదా, ఈ గొడవలు ఎందుకు వస్తాయి?

ఎందుకంటే ఒక్కో టీమ్ మార్కులు ఒక్కోలా పడతాయి. నార్కోటిక్స్ వాళ్ళని ఎంత సరుకు పట్టారని అడుగుతారు, ఇంటెలిజెన్స్ వాళ్ళకి సోర్స్ బయటపడకుండా ఉండటం ముఖ్యం, దర్యాప్తు వాళ్ళకి చార్జిషీట్ కోర్టులో నిలబడాలి. ఒకే మనిషిని ముగ్గురూ చూస్తున్నారనుకోండి, ఒకరికి వాడు రేపటి అరెస్ట్, ఇంకొకరికి రెండేళ్ళుగా కాపాడుకొస్తున్న ఇన్‌ఫార్మర్, మూడో వాళ్ళకి సాక్షి. ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అయినా గొడవ తప్పదు. దీనికి తోడు క్రెడిట్. పైకి ఎవరూ ఒప్పుకోరు గానీ, ఆపరేషన్ ఫెయిలై చెడిపోయిన సంబంధాల కంటే సక్సెస్ అయ్యాక ప్రెస్ మీట్‌లో ఎవరు కూర్చున్నారన్న దాని మీద చెడిపోయినవే ఎక్కువ అని నా అభిప్రాయం.

కలిసి పనిచేయకపోతే నిజంగా అంత నష్టమా, లేక మీటింగుల్లో చెప్పే మాటేనా?

నిజంగానే. 2000 జనవరిలో కౌలాలంపూర్‌లో అల్‌ఖైదా మనుషులు కలిశారని సీఐఏకి తెలుసు, వాళ్ళలో ఒకడికి అమెరికా వీసా ఉందని కూడా తెలుసు. అలాంటిది ఆ మీటింగ్‌కి వెళ్ళిన ఇద్దరి పేర్లు వాచ్‌లిస్ట్‌లోకి ఎక్కింది 2001 ఆగస్టు చివర్లో. ఈలోపు వాళ్ళిద్దరూ శాన్‌డియెగోలో సొంత పేర్లతోనే ఇల్లు తీసుకుని ఉన్నారు, తర్వాత సెప్టెంబర్ 11న పెంటగాన్‌ని గుద్దిన విమానంలో ఎక్కారు. వాళ్ళని వెతికి పట్టుకోవాల్సిన ఎఫ్‌బీఐకి విషయం టైముకి చేరలేదు. ఆ దాడుల మీద 2004లో వచ్చిన కమిషన్ రిపోర్ట్ చదివితే తెలివితేటల కొరత కంటే సమాచారం పంచుకోవడంలో కొరతే ఎక్కువ కనిపిస్తుంది.

ఇన్ని టీములు ఎందుకు, అన్నిటినీ ఒకే డిపార్ట్‌మెంట్‌లో కలిపేస్తే పోలా?

కొన్నిసార్లు కలపక తప్పదు. బెల్జియంలో 1990ల మధ్యలో పిల్లల్ని ఎత్తుకెళ్ళిన డ్యూట్రూ కేసులో జెండార్మరీ అనే జాతీయ పోలీసు దళం వాళ్ళు సొంతంగా ఒక నిఘా ఆపరేషన్ పెట్టుకుని, తమకి తెలిసింది దర్యాప్తు చూస్తున్న జడ్జికి పూర్తిగా చెప్పలేదు. జనం లక్షల్లో రోడ్డెక్కారు, 1998లో చట్టం చేసి పోలీసు వ్యవస్థ మొత్తాన్ని రెండు అంచెల్లోకి మార్చేశారు. అమెరికా కూడా సెప్టెంబర్ 11 దాడుల తర్వాత 22 సంస్థల్ని కలిపి హోంల్యాండ్ సెక్యూరిటీ అని ఒక్క శాఖ పెట్టింది.

కాకపోతే బోర్డు మారినంత మాత్రాన అలవాట్లు మారవు, నిన్నటి దాకా రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న గోడ ఇవాళ ఒకే బిల్డింగ్‌లో రెండు ఫ్లోర్ల మధ్య లేస్తుంది. పైగా విలీనం అంటే కొన్నేళ్ళు సీనియారిటీ, పోస్టింగులు, యూనిఫాం తగాదాలతోనే సరిపోతుంది. బాంబు తీసేవాడి ట్రైనింగ్ వేరు, హార్డ్ డిస్క్ చదివేవాడి ట్రైనింగ్ వేరు, వాళ్ళని వేరుగానే ఉండనిచ్చి మధ్యలో తలుపులు పెట్టుకోవడం చవక.

పై నుంచి ఆర్డర్ లేకుండా కింద స్థాయిలో మేమే మొదలుపెట్టొచ్చా?

భేషుగ్గా. ఎదుటి టీమ్‌లో మీ స్థాయి మనిషి ఎవరో తెలుసుకుని, కేసు లేని రోజున వెళ్ళి మీ దగ్గర ఏ ఎక్విప్‌మెంట్ ఉంది, పిలిస్తే ఎంతసేపట్లో రాగలరు, మా వల్ల మీకు ఎక్కడ ఇబ్బంది అవుతోంది అని అడగండి. దీనికి ఏ జీవో అక్కర్లేదు. ఫైళ్ళు చేతులు మారాలన్నా, ఉమ్మడి రైడ్ చేయాలన్నా మాత్రం రాతపూర్వకంగా పర్మిషన్ ఉండాల్సిందే, స్నేహం మీద ఇచ్చిన డేటా కోర్టులో మీ మెడకే చుట్టుకుంటుంది.

## జాయింట్ టీమ్ కట్టేటప్పుడు

టాస్క్‌ఫోర్స్‌కి బాస్ ఎవరు ఉండాలి? మా ఆఫీసర్ సీనియర్, వాళ్ళ ఆఫీసర్‌కి కేసు తెలుసు.

కేసు తెలిసినవాళ్ళే రోజువారీ పని నడపాలి. సీనియర్లకి పైన ఒక బోర్డు పెట్టండి, మనుషులు, డబ్బు, గొడవల తీర్పు వాళ్ళ దగ్గర ఉంచండి. అమెరికాలో డ్రగ్స్ కోసం 1988లో చట్టం చేసి పెట్టిన హైడా ప్రోగ్రామ్‌లో ఇలాంటి బోర్డులే ఉంటాయి, అందులో కేంద్ర ఏజెన్సీలకి ఎన్ని ఓట్లో రాష్ట్ర, లోకల్ ఏజెన్సీలకీ అన్నే. చిన్న టీమ్ వాళ్ళు ధైర్యంగా నోరు విప్పేది ఇలాంటి చోటే. ఇద్దరు బాసులు, ముగ్గురు కో-బాసులు లాంటి ఏర్పాట్లకి మాత్రం ఒప్పుకోవద్దు, మంది ఎక్కువైతే మజ్జిగ పలచన.

ఎంఓయూ (టీముల మధ్య రాతపూర్వక ఒప్పందం) రాసుకోవడం అవసరమా? నమ్మకం మీద నడవదా?

నమ్మకం మీద మొదటి నెల నడుస్తుంది, ఆ తర్వాత మనుషులు మారతారు. యూరప్‌లో రెండు మూడు దేశాలు కలిసి జాయింట్ ఇన్వెస్టిగేషన్ టీమ్ పెట్టుకోవాలన్నా 2000 నాటి ఒప్పందం ప్రకారం ఏ పని కోసం, ఎంతకాలం అనేది ముందే రాసుకోవాలి. 2020లో ఎన్‌క్రోచాట్ అనే క్రిమినళ్ళ ఫోన్ నెట్‌వర్క్‌ని ఫ్రాన్స్, నెదర్లాండ్స్ పగలగొట్టింది అలాంటి టీమ్‌తోనే.

చాలా ఎంఓయూలు చూస్తే పరస్పర సహకారం, సమన్వయం, స్ఫూర్తి అంటూ రెండు పేజీలుంటాయి, పనికొచ్చే లైను ఒక్కటీ ఉండదు. రాయాల్సింది అసలు గొడవ వచ్చే చోట్ల గురించి. పట్టుకున్న మనిషి ఎవరి కస్టడీలో ఉంటాడు, సాక్ష్యం ఎవరి స్టోర్‌లో, కేసు ఎవరి పేరున రిజిస్టర్ అవుతుంది, అరెస్ట్ చేయాలా ఇంకొన్నాళ్ళు చూడాలా అని మాట కలవకపోతే తేల్చేది ఎవరు, ఓవర్‌టైమ్, డీజిల్ ఎవరి బడ్జెట్, మీడియాతో ఎవరు మాట్లాడాలి, ఒక టీమ్ మధ్యలో బయటికి వెళ్ళిపోతే వాళ్ళిచ్చిన సమాచారం ఏమవుతుంది. ఇవి అడగడానికి మొహమాటంగా ఉంటుంది నిజమే, అందుకే అందరి మూడ్ బాగున్న మొదటి వారంలోనే అడిగేయాలి.

లయజన్ ఆఫీసర్‌గా ఎవర్ని పంపాలి, అంటే మన తరఫున అవతలి టీమ్ దగ్గర కూర్చునే మనిషిగా?

మీ టీమ్‌లో ఎవరు పోతే మీకు పని ఆగిపోతుందని బాధ కలుగుతుందో వాళ్ళని. మామూలుగా జరిగేది తెలిసిందే, రిటైర్‌మెంట్‌కి దగ్గరున్నాయననో, బాస్‌తో పడనాయననో అటు తోసేస్తారు, అవతలి వాళ్ళకి మొదటి రోజే అర్థమైపోతుంది మనం దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నామో. వెళ్ళినాయన అక్కడే కూర్చోవాలి, రెండు సిస్టమ్స్‌కీ లాగిన్ ఉండాలి, చిన్న విషయాల్లో ఫోన్ చేసి అడగకుండా తనే సరే అనగలగాలి. న్యూయార్క్‌లో 1980లో మొదలైన తొలి ఉమ్మడి టెర్రరిజం టాస్క్‌ఫోర్స్‌లో సిటీ పోలీసు డిటెక్టివ్‌లు, ఎఫ్‌బీఐ ఏజెంట్లు కలిసే పనిచేశారు. పది సర్క్యులర్లు చేయలేని పని పక్కపక్క కుర్చీలు చేస్తాయి.

వారానికోసారి మీటింగ్ పెడుతున్నాం, అయినా ఏమీ కదలట్లేదు. ఎందుకు?

బహుశా రిపోర్టులు చదువుకుని వెళ్ళిపోతున్నారు. మీటింగ్‌కి వచ్చే ప్రతి టీమూ ఒక అడిగే విషయం, ఒక ఇచ్చే విషయం తేవాలని రూల్ పెట్టి చూడండి. ఏమీ లేని వారం మీటింగే వద్దు.

## సమాచారం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు

ఇస్తే లీకవుతుంది. మా సోర్స్‌కి ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?

ఈ భయం నిజమైనదే, దీన్ని అహంకారం అని కొట్టిపారేసే వాళ్ళ మాట నేను వినను. దారి ఏంటంటే సోర్స్‌నీ సమాచారాన్నీ విడదీయడం. ఎవరు చెప్పారు, ఎక్కడ విన్నారు అన్నది మీ దగ్గరే ఉంచుకుని, ఫలానా గోడౌన్‌కి ఫలానా రాత్రి లారీ వస్తుంది అన్నంత వరకే పంపండి. ఎంత నమ్మొచ్చో దానికో గ్రేడ్ ఇవ్వండి. యూరోపియన్ యూనియన్ పోలీసు ఏజెన్సీ యూరోపోల్ పద్ధతిలో సోర్స్‌కి ఒక అక్షరం, సమాచారానికి 1 నుంచి 4 దాకా ఒక అంకె వేస్తారు, చదివేవాడికి పేరు తెలియకుండానే విలువ తెలుస్తుంది. దాంతోపాటు దీన్ని ఏం చేసుకోవచ్చో కూడా రాయండి: చూసుకోవడానికేనా, వారెంట్ కోసం కోర్టులో వాడొచ్చా, మూడో టీమ్‌కి ఇవ్వొచ్చా. ఇచ్చినవాళ్ళని అడక్కుండా మూడో వాళ్ళకి ఇవ్వకూడదన్న నియమం ఒక్కసారి తప్పారంటే మళ్ళీ ఆ కుళాయి తెరుచుకోదు.

సైబర్ టీములు ఇదే పనికి ట్రాఫిక్ లైట్ రంగులు వాడతాయి, రెడ్ అంటే ఆ గదిలో విన్నవాళ్ళ వరకే, అంబర్ అంటే అవసరమైన మేరకు సొంత సంస్థలో, దాని క్లయింట్ల దాకా, గ్రీన్ అంటే ఆ రంగంలో తోటివాళ్ళ దాకా, క్లియర్ అంటే ఎవరికైనా. క్లియర్‌ని 2022 దాకా వైట్ అనేవాళ్ళు. వేరే టీములూ దీన్ని దించుకోవచ్చు, నేర్పడానికి పది నిమిషాలు చాలు.

మరి అన్నీ అందరికీ ఇచ్చేస్తే సరిపోతుందిగా?

సరిపోదు. కుప్పలు తెప్పలుగా వచ్చి పడితే ఎవరూ చదవరు, అది ఒక నష్టం. రెండోది ఇంకా పెద్దది, జనం డేటా ఒక పని కోసం చట్టప్రకారం తీసుకుని ఇంకో పనికి ఇష్టమొచ్చినట్టు వాడితే అది హక్కుల మీద దెబ్బ, కేసూ కొట్టేస్తారు. ఎవరు ఏ ఫైల్ ఎప్పుడు తెరిచారో లాగ్ ఉండాలి, అప్పుడప్పుడూ బయటివాళ్ళు దాన్ని చెక్ చేయాలి. అలాగని లీగల్ వాళ్ళు ఒప్పుకోరేమో అని ముందే చేతులు ముడుచుకోవడం కూడా తప్పే. అమెరికాలో 1995 నాటి నియమాలతో ఇంటెలిజెన్స్‌కీ క్రిమినల్ దర్యాప్తుకీ మధ్య ఒక గోడ లేచింది, అసలు నియమం అడ్డుపడిన దానికంటే దాన్ని తప్పుగా అర్థం చేసుకుని జనం ఆగిపోయిందే ఎక్కువని తర్వాత సెప్టెంబర్ 11 దాడుల కమిషన్ తేల్చింది. డౌట్ ఉంటే లాయర్‌ని కేసు మొదట్లోనే గదిలో కూర్చోబెట్టుకోండి, ఏం కుదరదో అని కాకుండా ఎలా ఇస్తే కుదురుతుందో అని అడగండి.

ఒకే టార్గెట్ మీద రెండు టీములు పనిచేస్తున్నాయని ఎలా తెలుస్తుంది?

అడిగితే బయటపడుతుంది, అడక్కపోతే కొట్టుకుంటారు, అందుకే మధ్యలో ఒక రిజిస్టర్ పెట్టాలి. రైడ్‌కి, నిఘాకి, డ్రగ్స్ కొంటున్నట్టు నటించే డెకాయ్‌కి వెళ్ళేముందు చోటు, టైమ్, టార్గెట్ వివరాలు అక్కడ పడేస్తారు, ఇంకో టీమ్‌ది దానికి తగిలితే సిస్టమ్ ఇద్దరికీ ఫలానా ఆఫీసర్‌కి ఫోన్ చేసుకోండి అని మాత్రమే చెప్తుంది, కేసు వివరాలు చూపించదు. అమెరికాలో ఈ పనికే ప్రత్యేక సిస్టమ్స్ నడుస్తున్నాయి. మఫ్టీలో ఉన్న ఇద్దరు పోలీసులు ఒకరినొకరు క్రిమినల్ అనుకుని తుపాకీ తీసే పరిస్థితి ఊహించుకోండి, ఆ రెండు నిమిషాల ఎంట్రీ విలువ అప్పుడు తెలుస్తుంది. ఖర్చు తక్కువ, ఈగో దెబ్బతినదు, ఏదో ఒక్కటే చేయగలం అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

మంచి సాఫ్ట్‌వేర్ ఒకటి కొంటే ఈ సమస్య పోతుందా?

సగం పోతుంది. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ హంతకుడి కేసులో కార్డుల మీద రాసుకున్న సమాచారం గుట్టలు పడి, అసలు నేరస్తుణ్ణి తొమ్మిది సార్లు ప్రశ్నించి కూడా వదిలేశారు, ఆ దెబ్బకే హోమ్స్ అనే కంప్యూటర్ సిస్టమ్ 1985లో వచ్చింది. అయినా 2002లో సోహమ్‌లో ఇద్దరు చిన్నపిల్లల్ని చంపిన స్కూల్ కేర్‌టేకర్ మీద పాత ఫిర్యాదులు వేరే పోలీస్ ఫోర్స్ దగ్గర ఉండి కూడా ఉద్యోగానికి ముందు చేసిన చెక్‌లో బయటికి రాలేదు. 2004లో ఎంక్వైరీ దేశానికంతటికీ ఒక ఇంటెలిజెన్స్ సిస్టమ్ కావాలంది, పోలీస్ నేషనల్ డేటాబేస్ మొదలయ్యేసరికి 2011 అయింది.

మిగతా సగం మనుషుల్లో ఉంది. ఒక టీమ్ పేరు ముందు ఇంటిపేరు రాస్తుంది, ఇంకోటి వెనక రాస్తుంది, మూడోది ఫోన్ నంబర్‌ని రిమార్క్స్ కాలమ్‌లో పడేస్తుంది, ఇక ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఏం వెతుకుతుంది? కొనేముందు పేరు, పుట్టిన తేదీ, బండి నంబర్, ఫోన్, అడ్రస్ ఈ అయిదూ ఎలా రాయాలో కలిసి తేల్చుకోండి.

మా దగ్గరున్నది చిన్న ముక్క, దానికోసం వాళ్ళని డిస్టర్బ్ చేయడం ఎందుకు?

చేయండి. సిల్క్ రోడ్ అనే, మామూలు బ్రౌజర్‌కి దొరకని రహస్య డార్క్‌నెట్ మార్కెట్ కేసులో టాక్స్ శాఖ ఇన్వెస్టిగేటర్ ఒకాయన మామూలు గూగుల్ సెర్చ్‌లో ఒక పాత పోస్టు పట్టుకుని దాని వెనక మనిషి పేరు దాకా వెళ్ళాడు, హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళ దగ్గర అదే పేరుకి లింకున్న దొంగ ఐడీ కార్డుల పార్సిల్ సంగతి ఉంది, ఎఫ్‌బీఐ సైబర్ వాళ్ళ దగ్గర సర్వర్ ఉంది. దేనికదే విడిగా చూస్తే చిన్న ముక్కలే, 2013లో పక్కపక్కన పెట్టాకే ఒక మనిషయ్యాడు.

## ఆపరేషన్ రోజు

స్పాట్‌లో అయిదారు టీములున్నాయి. ఎవరి మాట చెల్లాలి?

ఎవరిదైనా పర్లేదు, ఒక్కరిది చెల్లాలి, ఆ ఒక్కరెవరో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీలో ఒక స్కూల్లోకి తుపాకీతో ఒకడు దూరితే 20కి పైగా ఏజెన్సీల నుంచి 376 మంది ఆఫీసర్లు వచ్చారు, 77 నిమిషాల పాటు క్లాస్‌రూమ్‌లోకి వెళ్ళలేదు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. రాతలో ఉన్న ప్లాన్ ప్రకారం కమాండ్ తీసుకోవాల్సిన స్కూల్ పోలీస్ చీఫ్ దగ్గర ఆ టైమ్‌లో రేడియో కూడా లేదు, తర్వాత తనే కమాండర్ అనుకోలేదని చెప్పాడు, వచ్చిన మిగతావాళ్ళేమో లోపల ఎవరో చూసుకుంటున్నారనుకున్నారు.

మొదట చేరిన ఆఫీసర్ రేడియోలో నేను కమాండ్‌లో ఉన్నా, ఫలానా చోట ఉన్నా అని నోటితో చెప్పాలి. పెద్దాయన వచ్చాక మారితే అది కూడా నోటితో చెప్పి మారాలి. అందరికీ కనిపించే ఒక జాకెట్ వేసుకుంటే ఇంకా నయం. పెద్దాయన వచ్చినంత మాత్రాన కమాండ్ దానంతటదే ఆయనకి వెళ్ళిపోయిందనుకోవద్దు, ఎక్కువగా తేడా కొట్టేది ఆ క్షణంలోనే.

స్పెషల్ టీమ్ వచ్చేదాకా లోకల్ వాళ్ళు ఆగాలా?

లోపల కాల్పులు జరుగుతుంటే ఆగకూడదు. 1999లో కొలంబైన్ స్కూల్ ఘటన దాకా చుట్టుముట్టి కమాండోల కోసం చూడటమే పద్ధతి, ఆ తర్వాతే మొదట చేరినవాళ్ళు లోపలికి వెళ్ళాలని ట్రైనింగ్ మార్చారు. మనిషి లోపల బందీలతో కూర్చుని మాట్లాడుతుంటే మాత్రం వేరే లెక్క, అక్కడ చుట్టూ కట్టడి చేసి నెగోషియేటర్లకి టైమ్ ఇవ్వాలి. స్పెషల్ టీమ్ ఎక్కడుందన్నది కూడా కోఆర్డినేషన్ కిందికే వస్తుంది. 2008 నవంబర్ 26 రాత్రి ముంబై మీద దాడి జరిగితే ఎన్‌ఎస్‌జీ అనే కేంద్ర కమాండో దళం ఢిల్లీ వైపు నుంచి విమానంలో మర్నాడు పొద్దునకి గానీ చేరలేకపోయింది, 2009లో ముంబై, హైదరాబాద్, చెన్నై, కోల్‌కతాల్లో హబ్‌లు పెట్టింది అందుకే.

బాంబ్ స్క్వాడ్, డాగ్ స్క్వాడ్, క్లూస్ టీమ్... లోపలికి ఎవరు ముందు?

ప్రాణం ముందు, ప్రమాదం తీసేయడం తర్వాత, సాక్ష్యం ఆ తర్వాత. అంటే గాయపడ్డవాళ్ళని లాగేవాళ్ళు, బాంబ్ స్క్వాడ్, ఆ తర్వాత క్లూస్ టీమ్. వాసన పట్టే కుక్కని వాడాలంటే పదిమంది తిరిగి చెడగొట్టక ముందే తేవాలి. బాంబ్ స్క్వాడ్ వాళ్ళు ఏది కదిపారో, ఏది కోశారో ఫొటో తీసి క్లూస్ టీమ్‌కి అక్కడే చెప్పేయాలి, మూడ్రోజుల తర్వాత గుర్తు చేసుకుంటే కుదరదు. అందరూ ఒకే దారిలో వచ్చి ఒకే దారిలో పోవాలి, ఎంట్రీ దగ్గర ఒకరు పేర్లు రాసుకోవాలి, వీఐపీ వచ్చినా సరే.

రైడ్‌కి సైబర్ వాళ్ళని తీసుకెళ్ళడం దేనికి, ఫోన్లు తర్వాత పంపిస్తాం కదా?

లాక్ పడ్డాక పంపిస్తే చాలాసార్లు అది ఇటుకతో సమానం. 2013 అక్టోబర్‌లో సిల్క్ రోడ్ నడిపినవాణ్ణి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పబ్లిక్ లైబ్రరీలో పట్టుకున్నప్పుడు ఎఫ్‌బీఐ వాళ్ళు వెనక చిన్న గొడవ జరిగినట్టు నాటకమాడి, అతను తల తిప్పగానే తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ని లాగేశారు. తలుపు పగలగొట్టే టీమ్ మాత్రమే ప్లాన్ చేసి ఉంటే మనిషి దొరికేవాడు, మెషీన్ మూసుకుపోయేది. రైడ్ టైమ్ పెట్టేటప్పుడే సైబర్ వాళ్ళ మాట అడగండి.

రేడియోలో మా కోడ్ వాళ్ళకి అర్థం కాదు, వాళ్ళ చానల్ మాకు రాదు. ఏం చేయాలి?

కలిసి పనిచేసే రోజున కోడ్లు మానేసి మామూలు మాటల్లో చెప్పండి, కాలిఫోర్నియాలో 1970 నాటి కార్చిచ్చుల తర్వాత తయారైన ఇన్సిడెంట్ కమాండ్ పద్ధతిలో ఇది మొదటి పాఠాల్లో ఒకటి. ఒక ఉమ్మడి చానల్ ముందే పెట్టుకుని నెలకోసారి టెస్ట్ చేయండి. అది కూడా లేకపోతే రెండు టీముల నుంచి ఒక్కొక్కరు సెట్‌తో పక్కపక్కనే నిలబడటం, మొరటు పద్ధతే, పనిచేస్తుంది.

ప్లాన్ ఉంది, ఎంఓయూ ఉంది, ట్రైనింగ్ కూడా అయింది. అయినా ఆ రోజు ఎందుకు చెదిరిపోతుంది?

ఎక్కువగా ఒకే మనిషి మీద పది పనులు పడటం వల్ల. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. బ్రిటన్‌లో పోలీస్, ఫైర్, అంబులెన్స్ కలిసి పనిచేయడానికి జెసిప్ అనే పద్ధతి 2012 నుంచే ఉంది, అయినా పోలీస్ కంట్రోల్ రూమ్‌లో ఒక్క డ్యూటీ ఆఫీసర్ మీదే అన్నీ పడ్డాయి, ఇలాంటి దాడికి అమలు చేసే ప్లాన్‌ని పోలీసులు ప్రకటించిన సంగతి మిగతా సర్వీసులకి వెంటనే చేరలేదు, ఫైర్ టీములు స్పాట్‌కి రావడానికి రెండు గంటలు దాటింది. చనిపోయినవాళ్ళలో ఒకరు సాయం త్వరగా అంది ఉంటే బహుశా బతికేవాళ్ళని ఎంక్వైరీ తేల్చింది.

నార్వేలో 2011 జూలై 22న 77 మందిని చంపిన దాడిలో ఇంకో రకం. ఓస్లోలో బాంబు పేలిన కాసేపటికే ఒకాయన ఫోన్ చేసి అనుమానితుడి ఆనవాళ్ళు, బండి నంబర్ కూడా చెప్పాడు, అది ఒక పసుపు చీటీ మీద రాసి టేబుల్ మీద పెడితే దాదాపు 20 నిమిషాలు అక్కడే పడుంది. కాబట్టి డ్రిల్ చేసేటప్పుడు కమాండోల పరుగులు వీడియో తీసుకోవడంతో ఆపకండి, కంట్రోల్ రూమ్‌లో ఆ చీటీ ఎటు పోతుందో టెస్ట్ చేయండి, మెయిన్ ఆఫీసర్ ఫోన్ ఎత్తని సీన్ ఒకటి కావాలనే పెట్టండి.

## అయిపోయాక

క్రెడిట్ ఎవరికి?

ప్రెస్ నోట్ డ్రాఫ్ట్ ఆపరేషన్‌కి ముందే రాసి పెట్టుకోండి, టీముల పేర్లు అక్షర క్రమంలో, ఖాళీల్లో అంకెలు తర్వాత నింపుకోవచ్చు. పేరు బయటికి రాకూడని టీములుంటాయి, వాళ్ళకి లోపల రికార్డులో రాసిన మెచ్చుకోలు ఉత్తరం పంపండి, సర్వీస్ ఫైల్‌లోకి ఎక్కేలా. ఒకే అరెస్ట్‌ని రెండు టీములూ తమ లెక్కలో చూపించుకోనివ్వండి, ఉమ్మడి అని గుర్తు పెడితే చాలు. ఇది అన్యాయంగా కనిపిస్తుంది గానీ, లెక్క ఒక్కరికే వస్తుందంటే సమాచారం దాచుకోవడం మొదలవుతుంది.

రివ్యూ పెడితే ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు. ఎలా ఆపాలి?

శిక్ష వేసే విచారణనీ, నేర్చుకునే రివ్యూనీ వేరు చేయండి, రెండింటికీ వేరే మనుషులు ఉండాలి. మొదటి మాటలు అదే రోజు, బట్టలు మార్చుకోక ముందే, ఇరవై నిమిషాలు చాలు. చిన్న ర్యాంకు వాళ్ళతో మొదలుపెట్టండి, పెద్దాయన ముందు మాట్లాడితే ఆ తర్వాత అందరూ ఆయన చెప్పిందే చెప్తారు.

ట్రాన్స్‌ఫర్లు అయితే అంతా మళ్ళీ మొదటికే వస్తోంది.

అవును, అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే. అందరినీ ఒకేసారి మార్చకుండా సగం సగం మార్చమని అడగండి, వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళతో కనీసం రెండు వారాలు కలిసి ఉండాలి. అప్పగింత అంటే ఫైళ్ళు, కీస్ ఇవ్వడంతో సరిపెట్టొద్దు, కొత్తాయన్ని వెంటబెట్టుకుని మిగతా టీముల దగ్గరికి వెళ్ళి టీ తాగి రావాలి, ఇదిగో ఇకనుంచి ఈయనకి ఫోన్ చేయండి అని చెప్పి మరీ.

కోఆపరేషన్ పెరిగిందో లేదో ఎలా కొలుస్తాం?

మీటింగుల సంఖ్యతో మాత్రం వద్దు. ఒక టీమ్ అడిగిన దానికి ఇంకో టీమ్ ఎన్ని గంటల్లో జవాబిచ్చింది, వచ్చిన సమాచారంలో ఎంత శాతం నిజంగా వాడారు, ఒకే టార్గెట్ మీద తగులుకున్నవి ఎన్ని ముందే బయటపడ్డాయి, ఉమ్మడి కేసుల్లో ఎన్ని కోర్టులో నిలబడ్డాయి, ఇవి చూడండి. ఇంకో కొలత కూడా ఉంది, రిపోర్ట్‌లో పెట్టలేం గానీ నేను దాన్నే ఎక్కువ నమ్ముతా: రాత్రి రెండింటికి అవతలి టీమ్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరు, ఎందుకు అని అడుగుతున్నారా, లేక చెప్పండి ఎక్కడికి రావాలి అంటున్నారా.